జీతం ఆగింది, అద్దె ఆగదు

2025 అక్టోబరు 1న, సరిగ్గా మహానవమి నాడు మొదలైన అమెరికా ప్రభుత్వ షట్‌డౌన్, అంటే నిధులు మంజూరు కాక ప్రభుత్వ కార్యాలయాలు మూతపడటం, దీపావళి కూడా దాటిపోయి, కార్తీక మాసంలో నవంబరు 12 రాత్రి ముగిసింది. మొత్తం 43 రోజులు. అప్పటిదాకా అమెరికా చరిత్రలో ఇంత సుదీర్ఘమైన షట్‌డౌన్ లేదు. ఆరున్నర లక్షలకు పైగా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగులను ఫర్లో పేరిట, అంటే జీతం లేని బలవంతపు సెలవు మీద, ఇళ్లకు పంపారు. మరో ఏడు లక్షల మందికి పైగా ఉద్యోగులు జీతం అందకుండానే రోజూ పనికి వెళ్లారు. ఆగిన జీతాలు ఇప్పుడు అందాయి. కానీ 2026 సెప్టెంబరు దాకా నిధులు దొరికింది వ్యవసాయ శాఖ, మాజీ సైనికుల వ్యవహారాల శాఖ వంటి కొన్నింటికే. మిగతా శాఖలకు గడువు 2026 జనవరి 30. ఆ తేదీని తలచుకుని భయపడుతూ రాసిన ఉత్తరాలే ఈ డిసెంబరులో నాకు ఎక్కువగా వచ్చాయి. అందుకే ఈసారి ఈ శీర్షికలో చోటంతా వాటికే ఇస్తున్నాను.

కొత్త పాఠకుల కోసం ఒక్క మాట. నేను మేరీల్యాండ్‌లో ఒక ఫెడరల్ కార్యాలయపు సిబ్బంది విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. 1995లోనూ, 2013లోనూ, 2018లోనూ తోటివారికి ఫర్లో నోటీసులు పంచి, ఆఖరి నోటీసు నా పేరున నేనే తీసుకుని ఇంటికి వెళ్లినదాన్ని.

ప్రశ్న: నమస్కారం అండీ. మేం జర్మన్‌టౌన్‌లో ఉంటాం. మా వారు వాషింగ్టన్ నగరంలో ఫెడరల్ ఉద్యోగి. మొన్న షట్‌డౌన్ అయినన్నాళ్లూ ఇంట్లోనే ఉన్నారు. నా ఉద్యోగం వేసవిలోనే పోయింది. ఇంటి లోను, బాబు డేకేర్, కారు వాయిదా అన్నీ ఆయన జీతం మీదే నడుస్తున్నాయి. నవంబరులో బకాయి జీతం వచ్చింది కానీ అది క్రెడిట్ కార్డుల అప్పు తీర్చడానికే సరిపోయింది. జనవరిలో మళ్లీ ఆగితే రిటైర్‌మెంట్ ఖాతాలో డబ్బు తీస్తానని ఆయన, అత్తగారు పెట్టిన బంగారం అమ్మేద్దామని నేను. ఏది నయం?
— ఒక గృహిణి, జర్మన్‌టౌన్, మేరీల్యాండ్

రెండూ వద్దమ్మా. అంతదాకా వెళ్లకముందే చేయగలిగినవి చాలా ఉన్నాయి. వాటికి ఇంకా సమయమూ ఉంది.

ముందు క్యాలెండరు దగ్గర పెట్టుకోండి. ఫెడరల్ జీతం రెండు వారాలకు ఒకసారి పడుతుంది, అదీ పని చేసిన కొన్నాళ్ల తర్వాత. కాబట్టి కార్యాలయం మూసిన రోజే మీ చేతిలో డబ్బు ఆగిపోదు. మొన్న ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. అక్టోబరు రెండో వారంలో వచ్చిన జీతంలో కొన్ని రోజుల సొమ్మే తగ్గింది. పూర్తిగా సున్నా పడింది నాలుగో వారంలో. జనవరి 30 తర్వాత నిధులు ఆగినా మీకు దాదాపు మూడు వారాల వ్యవధి దొరుకుతుంది. రేపో మాపో తెరుస్తారులే అనుకుంటూ చాలామంది ఈ మూడు వారాలనూ చేజార్చుకుంటారు. తర్వాత గుట్టుగా కార్డుల మీద నెట్టుకొస్తారు. మన తెలుగు ఇళ్లలో ఇది మరీ ఎక్కువగా చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను.

ఫర్లో నోటీసు అందిన రోజే ఇంటి లోను వసూలు చేసే సంస్థకు ఫోను చేయండి. వాయిదా తప్పాక చేసే ఫోనుకూ, తప్పకముందు చేసే ఫోనుకూ అవతలివారి గొంతులోనే తేడా తెలుస్తుంది. సాధారణంగా ఇంటి లోనుల్లో వాయిదా తేదీ దాటిన 15 రోజుల వరకు ఆలస్య రుసుము ఉండదు. 30 రోజులు దాటితేనే క్రెడిట్ రికార్డులోకి ఎక్కుతుంది. వాయిదా కొన్నాళ్లు ఆపడానికి వాళ్లు ఒప్పుకుంటే వెంటనే ఇంకో ప్రశ్న అడగండి: ఆపిన వాయిదాలన్నీ తర్వాత ఒక్కసారే కట్టాలా, లోను చివరికి జరుపుతారా? ఒక్కసారే కట్టాలంటే అది మీకు మరో గండం. ఫోనులో చెప్పిన మాటను వాళ్ల చేతనే ఈమెయిల్లో రాయించుకోండి.

కారు లోను సంస్థకూ, డేకేర్ నడిపే ఆవిడకూ ఉత్తరం రాయండి. నోటీసు నకలు జత చేసి, ఇప్పుడు ఎంత ఇవ్వగలరో, మిగతాది ఎప్పుడు ఇస్తారో అంకెలతో సహా చెప్పండి. ఇలాంటి ఉత్తరాల నమూనాలను ప్రభుత్వ సిబ్బంది నిర్వహణ కార్యాలయమే ఇస్తుంది. 2018 డిసెంబరులో అది బయటపెట్టిన ఒక నమూనాలో, అద్దె తగ్గిస్తే బదులుగా రంగులు వేయడమో వడ్రంగి పనో చేసిపెడతానని ఇంటి యజమానికి చెప్పమన్నారు. దాని మీద పెద్ద దుమారమే రేగింది. మీరు ఎవరి గోడలకూ రంగులు వేయనక్కర లేదు. మీది రావలసిన జీతం, కాస్త ఆలస్యంగా వస్తుంది. ఉత్తరంలో ఆ ధీమాతోనే రాయండి.

ఇప్పుడే, ఈ డిసెంబరులోనే చేయవలసినవి రెండున్నాయి. ఒకటి, ఫెడరల్ ఉద్యోగులకు షట్‌డౌన్‌లో వడ్డీ లేకుండా జీతమంత అప్పు ఇచ్చే క్రెడిట్ యూనియన్లు, అంటే సభ్యుల సహకార బ్యాంకుల వంటివి, ఉన్నాయి. నేవీ ఫెడరల్ వంటివి 2019లోనూ, మొన్నా ఇచ్చాయి. కానీ జీతం ముందునుంచే తమ ఖాతాలో పడుతున్న సభ్యులకే సాధారణంగా ఈ సదుపాయం దొరుకుతుంది. ఫిబ్రవరిలో పరుగెత్తితే దొరకదు. మీ వారు ఎక్కడ చేరడానికి అర్హులో ఈ వారమే కనుక్కోండి. రెండు, ఆయన ఉద్యోగ వివరాలుండే ఎస్ఎఫ్-50 పత్రం, ఇటీవలి జీతం స్లిప్పులు అచ్చు తీసి ఇంట్లో పెట్టండి. కార్యాలయం మూసేస్తే ఆ ఫైళ్లు ఇంటినుంచి తెరవడం కుదరకపోవచ్చు.

నిరుద్యోగ భృతికి ఆ పత్రాలు కావాలి. ఫర్లోలో ఇంట్లో ఉన్నవారు భృతికి దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే ఇల్లున్న చోట కాదు, కార్యాలయం ఉన్న చోట. మీ ఇల్లు మేరీల్యాండ్‌లో ఉన్నా ఆయన దరఖాస్తు చేయవలసింది వాషింగ్టన్ నగర పాలనకు. అక్కడ వారానికి గరిష్ఠంగా 444 డాలర్లు, మేరీల్యాండ్‌లో 430. బకాయి జీతం వచ్చాక ఈ సొమ్ము తిరిగి కట్టాలి. కాబట్టి దాన్ని వడ్డీ లేని చేబదులుగానే చూసుకోండి. డేకేర్‌కు, కిరాణాకు అది చాలా ఆసరా.

ఇక రిటైర్‌మెంట్ ఖాతా. 59 ఏళ్ల ఆరు నెలలు నిండకముందు కష్టకాలమని చెప్పి తీసే డబ్బు మీద ఆదాయపు పన్ను పడుతుంది. దాని మీద సాధారణంగా పది శాతం జరిమానా. తీసినది తిరిగి జమ చేయడానికీ వీల్లేదు. కొన్ని వారాలు ఆలస్యమయ్యే జీతం కోసం ముప్ఫై ఏళ్ల పొదుపును కోసుకోవడం తగదు. బంగారం సంగతంటారా, మన ఊళ్లో బ్యాంకుకు వెళ్లి కుదువపెట్టి తెచ్చుకున్నంత తేలిక కాదు ఇక్కడ. తాకట్టు దుకాణంలో వడ్డీ విపరీతం, అమ్మితే పనితనానికి పైసా రాదు, కరిగించే ధరే కడతారు. అత్తగారి హారం బీరువాలోనే ఉండనివ్వండి.

ఒక్క హెచ్చరిక. మీ వారికి సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే రహస్య సమాచారం చూసే అనుమతి, ఉంటే, కట్టని అప్పులు దానికి అడ్డు రావచ్చు. తన చేతిలో లేని కారణం వల్ల వచ్చిన ఇబ్బందిని, బాధ్యతగా నడుచుకున్నవారి విషయంలో, విచారణలో పరిగణిస్తారు. బాధ్యతగా నడుచుకున్నారనడానికి సాక్ష్యం మీరు రాసిన ఆ ఉత్తరాలే. ఒక్కటి కూడా పారేయకండి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ ఉపాధ్యాయినిని. మా అమ్మాయి మేరీల్యాండ్‌లో ప్రభుత్వ ఉద్యోగి. అక్టోబరు నుంచి జీతం రాలేదని ఆలస్యంగా తెలిసింది, అదీ అల్లుడి నోట. అంత పెద్ద దేశంలో ప్రభుత్వమే జీతం ఆపడమేమిటి? చుట్టాలు ఉద్యోగం పోయిందంటున్నారు. మళ్లీ అలా జరిగితే మేం ఇక్కడినుంచి డబ్బు పంపవచ్చా?
— ఒక తల్లి, గుంటూరు

ఉద్యోగం పోలేదమ్మా, ధైర్యంగా ఉండండి. చుట్టాలకూ అదే చెప్పండి.

అమెరికాలో ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఆలోగా కాంగ్రెసు, అంటే అక్కడి పార్లమెంటు, నిధుల బిల్లులు ఆమోదించాలి. మన దగ్గర బడ్జెట్ ఆలస్యమైతే పార్లమెంటు ఓట్ ఆన్ అకౌంట్ కింద కొన్ని నెలల ఖర్చుకు ముందుగా అనుమతిస్తుంది, జీతాలు ఆగవు. అక్కడ కూడా తాత్కాలిక బిల్లులు చేసుకోవచ్చు. వాటి మీదా రెండు పార్టీలకు పొత్తు కుదరకపోతేనే ఈ పరిస్థితి. కాంగ్రెసు మంజూరు చేయని డబ్బు ఖర్చు పెట్టకూడదని 19వ శతాబ్దం నుంచే అక్కడ చట్టం ఉంది. అయినా చాలాకాలం, నిధులకు కొద్దిరోజులు గండి పడినా కార్యాలయాలు నడిచేవి. 1980, 81లో అప్పటి అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి, ప్రాణాలకూ ఆస్తులకూ రక్షణ కల్పించే పనుల వంటివి తప్ప మిగతావన్నీ ఆపాల్సిందేనని చట్టానికి భాష్యం చెప్పారు. మీ అమ్మాయి అక్టోబరు జీతం ఆగడానికి మూలం అక్కడుంది. ఆమె పనిలో లోపమేమీ లేదు.

ఆగిన జీతం తిరిగి వస్తుందా అంటే, ఒకప్పుడు అది ప్రతిసారీ కాంగ్రెసు దయ మీద ఆధారపడేది. 2018-19లో 35 రోజుల షట్‌డౌన్ జరుగుతుండగా, 2019 జనవరిలో, ఇంటికి పంపినవారికి కూడా బకాయి తప్పక ఇవ్వాలని శాశ్వత చట్టం చేశారు. మొన్న అక్టోబరులో ఆ హామీ తనంతట తాను వర్తించదన్న వాదన అధ్యక్ష భవనం వైపునుంచే వచ్చింది. ఎన్ని ఇళ్లలో ఆ వారం నిద్ర పట్టలేదో నాకు వచ్చిన ఫోన్లే చెబుతాయి. చివరికి నవంబరు 12 నాటి చట్టంలో బకాయి ఇవ్వాలని మళ్లీ స్పష్టంగా రాశారు. షట్‌డౌన్ సమయంలో కొన్ని వేల మందికి పంపిన తొలగింపు నోటీసులను కూడా అదే చట్టం రద్దు చేసింది, జనవరి 30 దాకా కొత్తగా తొలగించకూడదంది. ఆ తేదీ తర్వాత ఏమిటన్నదే మీ అమ్మాయి మనసులో ఉన్న అసలు దిగులు కావచ్చు.

ఉపాధ్యాయినిగా పింఛను తీసుకునే మీకు ఇది బొత్తిగా తెలియని కష్టమేమీ కాదు. 2020లో కరోనా మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో జీతాల్లో, పింఛన్లలో కొంత భాగం ఆపినప్పుడు మీరూ ఆ నెల లెక్కలు సరిచూసుకునే ఉంటారు. ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2021లో ఆరు శాతం వడ్డీతో చెల్లించమని తీర్పు వచ్చింది. అమెరికాలో జీతం లేకుండా పని చేసినవారు ఆలస్యానికి పరిహారం అడిగితే, 2022లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు కుదరదంది. ఈ విషయంలో మన కోర్టు తీర్పే న్యాయంగా ఉందని నా అభిప్రాయం. జీతం ఆలస్యమైతే ఇంటి ఖర్చుల మీద వడ్డీ కట్టేది ఉద్యోగే కదా.

డబ్బు నిరభ్యంతరంగా పంపవచ్చు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపుకోవచ్చు. పాన్ కార్డు, బ్యాంకు ఇచ్చే ఫారం చాలు. ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటితేనే బ్యాంకు ముందస్తుగా పన్ను పట్టుకుంటుంది. అక్కడ మీ అమ్మాయికి ఈ బహుమతి మీద పన్ను లేదు. ఏడాదిలో లక్ష డాలర్లు దాటితేనే ఆమె పన్నుల శాఖకు తెలపాలి. అంత అవసరం మీకు రాదు. కానీ పంపేముందు అమ్మాయిని అడగండి. అక్టోబరులో తను మీకు చెప్పలేదంటే మీరు కంగారు పడతారనే. "ఎంత కావాలి, ఏ తేదీకి కావాలి" అని అడిగితే తను చెప్పగలుగుతుంది. "ఎందుకు చెప్పలేదు" అని మొదలుపెడితే ఈసారీ చెప్పదు.

ప్రశ్న: నేను హెచ్-1బీ మీద ఉన్నాను. మా కంపెనీ ఒక ఫెడరల్ కార్యాలయానికి సాఫ్ట్‌వేర్ పనులు చేస్తుంది. షట్‌డౌన్‌లో పని ఆపేశారు. జీతం లేని సెలవు కోరుతున్నట్టు ఒక ఫారం మీద సంతకం పెట్టమన్నారు, పెట్టాను. ఉద్యోగులకు బకాయి వచ్చింది కదా, మాకూ వస్తుందా?
— హెర్న్‌డన్, వర్జీనియా

ఆ చట్టం ఫెడరల్ ఉద్యోగులకే, బాబూ. ఫెడరల్ ఉద్యోగానికి దాదాపు అన్ని చోట్లా అమెరికా పౌరసత్వం కావాలి. మన పిల్లల్లో వీసా మీద ఉన్నవారు, గ్రీన్‌కార్డు ఉన్నవారు చాలామంది అదే భవనంలో, అదే అంతస్తులో పని చేస్తున్నా కాంట్రాక్టు కంపెనీల మనుషులుగానే ఉంటారు. కాంట్రాక్టరుకు బకాయి ఇవ్వాలని ప్రభుత్వం మీద ఏ బాధ్యతా లేదు. 2019లో ఆ భవనాల్లో నేలలు తుడిచినవారికి, క్యాంటీన్లలో వండినవారికి, కాపలా కాసినవారికి పోయిన ఆ ఐదు వారాల జీతం ప్రభుత్వం ఇప్పించలేదు. ఇప్పించాలని ప్రతిసారీ బిల్లులు పెడతారు, చట్టం కావు. నా సర్వీసులో నన్ను అన్నిటికంటే కలచివేసిన అన్యాయం ఇది.

అయితే మీ సంగతి వేరు. హెచ్-1బీ మీద ఉన్నవారికి పని లేదన్న కారణంతో కంపెనీ జీతం ఆపకూడదు. ప్రాజెక్టు ఆగినా, ప్రభుత్వం ఆగినా, కార్మిక శాఖకు ఇచ్చిన పత్రంలో ఒప్పుకున్న జీతం కంపెనీ చెల్లించాల్సిందే. ఇల్లు మారడానికో, అనారోగ్యానికో, ఊరికి వెళ్లడానికో ఉద్యోగి తన సొంత అవసరం కోసం తానే కోరుకున్న సెలవుకు మాత్రం చెల్లించనక్కర లేదు. మీచేత ఆ ఫారం మీద సంతకం పెట్టించింది అందుకే. మీరు కోరినట్టు రాయించుకుంటే తప్పు మీ మీదికి వస్తుందని వాళ్ల లెక్క.

సంతకం పెట్టినంత మాత్రాన దారి మూసుకుపోలేదు. ఆ సెలవు మీరు కోరినది కాదని చూపే ఈమెయిళ్లు, సందేశాలు, ఆ ఫారం ఎవరు ఎప్పుడు పంపారన్న వివరాలు భద్రం చేయండి. ముందుగా కంపెనీకి మర్యాదగా, రాతపూర్వకంగా జీతం అడగండి. ఇవ్వకపోతే కార్మిక శాఖలోని వేతనాలు, పనిగంటల విభాగానికి డబ్ల్యూహెచ్-4 అనే ఫారంలో ఫిర్యాదు చేయవచ్చు. 12 నెలల లోపు చేయాలి. ఫిర్యాదు చేసినందుకు మీ మీద కక్ష సాధించడం కూడా చట్టవిరుద్ధమే. ముందుగా ఇమిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడండి. వీసా స్థితి మీదా దీని ప్రభావం ఉండవచ్చు కనుక ఆ ఫీజు దండగ కాదు.

కంపెనీ మారదామనుకుంటే ఇంకొకటి గుర్తుంచుకోండి. వీసా దరఖాస్తులు చూసే విభాగం ఫీజులతో నడుస్తుంది కాబట్టి అది ఆగదు. కానీ దానికి ముందు కావలసిన కార్మిక శాఖ పత్రం ఆగిపోతుంది. ఈసారి అక్టోబరు 1 నుంచి నెలాఖరు దాకా ఆ వెబ్‌సైటే పనిచేయలేదు. మారాలన్న నిర్ణయం తీసుకుని ఉంటే ఆ పత్రం జనవరి 30కి ముందే తీయించుకోండి.

ప్రశ్న: మా కుటుంబాలు రెండూ పదేళ్లుగా కలిసి పండగలు చేసుకుంటాం. ఆ స్నేహితుడికి ఒక ఐటీ కంపెనీ ఉంది. నేను పనిచేసే కార్యాలయంతోనే దానికి కాంట్రాక్టు ఉంది. షట్‌డౌన్‌లో ఆయన రెండు వేల డాలర్లు ఇస్తానన్నారు. మొహమాటపడి వద్దన్నాను. ఈసారి ఇస్తే తీసుకోవచ్చా?
— ఒక ఫెడరల్ ఉద్యోగి, రాక్‌విల్

మొహమాటమే మిమ్మల్ని కాపాడింది. ఫర్లోలో ఉన్నా మీరు ఫెడరల్ ఉద్యోగే, నైతిక నియమావళి మీకు సెలవు ఇవ్వదు. మీ కార్యాలయంతో వ్యాపారం చేసేవారి నుంచి ఒకసారికి 20 డాలర్లు, ఏడాదికి 50 డాలర్లు మించిన బహుమతి తీసుకోకూడదన్నది నియమం. అసలు నగదుకు ఆ చిన్న మినహాయింపు కూడా వర్తించదు. కుటుంబ బంధం వల్లనో, సొంత స్నేహం వల్లనో ఇచ్చినదని స్పష్టంగా కనిపిస్తే వేరే మినహాయింపు ఉంది. పదేళ్ల స్నేహం అందుకు ఆధారమే. కానీ డబ్బు కంపెనీ ఖాతా నుంచి వస్తే, లేదా ఆయన కాంట్రాక్టు ఫైలు మీ బల్ల మీదికి వచ్చేదైతే, ఆ ఆధారం నిలవదు. అప్పుగా తీసుకున్నా మీ నైతిక వ్యవహారాల అధికారిని ముందుగా అడిగి, జవాబు రాతలో తీసుకోండి. షట్‌డౌన్‌లో ఆ అధికారి దొరకడం కష్టం, ఇప్పుడే అడగండి.

ఆ స్నేహితుడికి నా తరఫున కూడా కృతజ్ఞతలు చెప్పండి. మీ పిల్లలను నాలుగు రోజులు వాళ్లింట్లో ఉంచుకోమంటే, సాయంత్రాలు భోజనానికి పిలవమంటే, అది మీ ఇళ్ల మధ్య ఎప్పుడూ ఉన్నదే.

ప్రశ్న: నేను విమానాశ్రయంలో భద్రతా తనిఖీ చేస్తాను. మాకు ఫర్లో కూడా లేదు, జీతం లేకుండా పని. పెట్రోలుకు డబ్బు లేక తోటివారి కారులో వెళ్లిన రోజులున్నాయి. మాకు భృతి ఇవ్వరట. రాత్రిపూట క్యాబ్ నడుపుకోవచ్చా? సెలవు పెడితే ఉద్యోగానికి ముప్పా?
— వర్జీనియా

అందరికంటే కష్టం మీదే. పూర్తి సమయం పనిచేస్తున్నారు కాబట్టి భృతి రాదు, సమయం లేదు కాబట్టి వేరే పనీ తేలిక కాదు. మేరీల్యాండ్‌లో మీలాంటివారికి రాష్ట్ర ప్రభుత్వం 700 డాలర్ల వడ్డీ లేని అప్పు ఇచ్చింది. మీరు పనిచేసే చోట అలాంటిదేమైనా ఉందేమో మీ కౌంటీ కార్యాలయాన్ని అడగండి.

క్యాబ్ నడపడం తప్పు కాదు. కొన్ని సంస్థల్లో బయటి పనికి ముందస్తు అనుమతి కావాలి, మీ పై అధికారికి ఈమెయిల్ పెట్టి అనుమతి తీసుకోండి. అయితే రాత్రంతా నడిపి తెల్లవారుజామున తనిఖీ బల్ల దగ్గర నిలబడకండి. మీ ఆరోగ్యం కోసమే చెబుతున్నాను.

సెలవు విషయంలో పాత భయం పెట్టుకోకండి. 2019 చట్టం వచ్చాక మీలా పనిలో ఉన్నవారు కూడా షట్‌డౌన్‌లో తమ ఖాతాలోని సెలవు వాడుకోవచ్చు, దాని జీతం తర్వాత వస్తుంది. అడిగి పెట్టండి. చెప్పకుండా మానేస్తేనే చర్యలు ఉంటాయి. ఒక్కరోజూ మానని 776 మంది విమాన నియంత్రకులకు, సాంకేతిక సిబ్బందికి పదివేల డాలర్ల బహుమతి ప్రకటించారు. వారికి రావడం సంతోషమే. కానీ చంటిబిడ్డకు జ్వరం వచ్చి ఒక్కపూట ఇంట్లో ఉన్న తల్లి, జీతం లేకుండా మిగతా 42 రోజులు పనిచేసిన ఆ తల్లి, ఏ విధంగా తక్కువో నాకు అర్థం కాదు.

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. షట్‌డౌన్‌లో ఎవరికీ చెప్పవద్దని నాతో, అమ్మతో ఒట్టు వేయించుకున్నారు. గుడికి రావడం మానేశారు. రోజూ లాప్‌టాప్ తీసి ఆఫీసు ఈమెయిల్ చూడబోయేవారు. మళ్లీ ఆగితే ఆయన్ను ఎలా చూసుకోవాలో తెలియడం లేదు.
— ఒక కళాశాల విద్యార్థిని, కొలంబియా, మేరీల్యాండ్

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను తల్లీ.

ముందు లాప్‌టాప్ సంగతి. ఫర్లోలో ఉన్నవారు ఆఫీసు ఈమెయిల్ తెరవడం, ఫోను ఎత్తడం, మిగిలిపోయిన నివేదిక పూర్తి చేయడం చట్టరీత్యా కూడదు. ఇష్టంతో ఉచితంగా చేసినా సరే. నిధులు లేనప్పుడు స్వచ్ఛంద సేవను కూడా ప్రభుత్వం స్వీకరించకూడదు. కొన్నేళ్లుగా నమ్ముకున్న పనిని ముట్టుకోవద్దనడం నాన్నగారి వంటివారికి జీతం ఆగడం కంటే పెద్ద దెబ్బ. నేను నోటీసులు ఇచ్చేటప్పుడు సీనియర్ల ముఖాల్లో చూసింది ఇదే. "అవసరమైనవారు" పనిలో ఉంటారు, మిగతావారు ఇంటికి అని వార్తల్లో చెబుతుంటే, నేను అవసరం లేనివాడినా అనుకుంటారు. నాన్నగారికి ఇలా చెప్పు: ఆ విభజన చట్టం పెట్టినది. ప్రాణానికీ ఆస్తికీ తక్షణ ముప్పు ఉందా లేదా అన్నదే అందులో చూస్తారు. గొప్ప శాస్త్రవేత్తలను కూడా అదే నోటీసుతో ఇంటికి పంపుతారు.

గుడికి తీసుకెళ్లు. మీకు దగ్గరలోని ల్యాన్‌హమ్ శివవిష్ణు ఆలయంలో నాన్నగారిలాంటి ఉద్యోగం చేసేవారు ఆయన పక్కనే నిలబడి ఉంటారు, వాళ్లూ ఎవరికీ చెప్పి ఉండరు. ఒక్కరు నోరు విప్పితే మిగతావారికి దారి దొరుకుతుంది. ఆఫీసు పని చేయకూడదు కానీ బయట సేవ చేయడానికి అడ్డు లేదు. 2019 జనవరిలో పేరున్న పాకశాస్త్ర నిపుణుడు హోసే ఆంద్రేస్ సంస్థ వాషింగ్టన్‌లో ఫెడరల్ ఉద్యోగులకు ఉచిత భోజనశాల తెరిచింది. ఈసారి కూడా క్యాపిటల్ ఏరియా ఫుడ్ బ్యాంక్ గుర్తింపు కార్డు చూపినవారికి సరుకులు పంచింది. ఇలాంటి చోట్ల వడ్డించే చేతులు ఎప్పుడూ కావాలి. మీ ఇంటికి సరుకులు అవసరమైతే వరుసలో నిలబడటానికీ వెనకాడవద్దు.

ఒట్టు సంగతి: నాన్నగారు నిద్ర మానేసినా, మాట పూర్తిగా తగ్గించినా, బతుకు మీద విరక్తిగా మాట్లాడినా ఆ ఒట్టు చెల్లదు. ఆయనకు నచ్చిన ఒక పెద్దవారికి చెప్పు, డాక్టరుకు చెప్పు. మానసిక సంక్షోభంలో ఆదుకునే సహాయవాణి 988కి ఫోను చేస్తే ఏ వేళైనా మాట్లాడతారు. ఆరోగ్య బీమా షట్‌డౌన్‌లో ఆగదు, ప్రీమియం తర్వాత జీతంలో పట్టుకుంటారు. డాక్టరు ఖర్చు కోసం ఆలోచించవద్దు.

ప్రశ్న: నవంబరులో బకాయి వచ్చింది కానీ నేను వేసుకున్న లెక్కకంటే తక్కువ పడింది. తప్పు జరిగిందా?
— బాల్టిమోర్

జరిగి ఉండవచ్చు, జరగకపోయీ ఉండవచ్చు. ఆగిన వారాల ఆరోగ్య బీమా ప్రీమియంలు, రిటైర్‌మెంట్ ఖాతా చందాలు, పన్నులు అన్నీ ఒకేసారి పట్టుకుని ఉంటారు కాబట్టి చేతికి వచ్చేది తగ్గుతుంది. చందాతోపాటు ప్రభుత్వ వాటా కూడా జమ అయిందో లేదో ఖాతాలో చూడండి. ఫర్లో రోజులకు కూడా సెలవులు జమ కావాలి, ఆ అంకె చూడండి. అక్టోబరు 1కి ముందు మీరు చేసిన ఓవర్‌టైము ఏదైనా తప్పిపోయిందేమో చూడండి. భృతి తీసుకుని ఉంటే తిరిగి కట్టమని రాష్ట్రం నుంచి వచ్చే నోటీసు కోసం ఎదురుచూడకుండా మీరే అడిగి కట్టేయండి. తేడా కనిపిస్తే జీతాల విభాగానికి స్లిప్పు జతచేసి ఈ నెలలోనే రాయండి. జనవరి 30 తర్వాత మళ్లీ మూస్తే మీ ఉత్తరం చదవవలసినవారు కూడా ఇంట్లోనే ఉంటారు.